అమ్మమ్మ పెళ్లి యానాంలో ఎందుకయింది?

(రైటరు గారిని అడగండి: పాత కాగితాలు, ఇంటి పెద్దల సంగతుల మీద పాఠకుల ప్రశ్నలకు, కోనసీమలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద ముప్పై ఎనిమిదేళ్లు దస్తావేజులు రాసిన ఒక రైటరు జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంట్లో పెద్దవాళ్ల గురించే. చిన్నదాంతో మొదలుపెడతాను, పెద్దదానికి చోటు కావాలి.

ప్రశ్న: మా ముత్తాత గారి పొలం కాగితాలు మూడు దొరికాయి. 1898 నాటి దాంట్లో గోదావరి జిల్లా అనీ, 1911 దాంట్లో కృష్ణా జిల్లా అనీ, 1927 దాంట్లో పశ్చిమ గోదావరి జిల్లా అనీ ఉంది. ఆయన ఇన్ని చోట్లకు ఎందుకు మారారు?
– భీమవరం నుంచి ఒక పాఠకుడు

మీ ముత్తాత గారు అరుగు దిగలేదు బాబూ. జిల్లాలే ఆయన చుట్టూ తిరిగాయి. 1859లో పాత రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి, మళ్లీ కోసి గోదావరి, కృష్ణా అని రెండు చేశారు. అప్పుడు మీ భీమవరం గోదావరి జిల్లాలో పడింది. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం వగైరా పడమటి తాలూకాలను కృష్ణాలో కలిపారు. 1925లో మళ్లీ విడదీసి పశ్చిమ గోదావరి అన్నారు. 2022 ఏప్రిల్ 4న ఇంకోసారి కోసి, మీ భీమవరాన్నే జిల్లా కేంద్రం చేశారు. మూడు కాగితాల్లో ఊరి పేరు, సరిహద్దులు సరిపోల్చండి. తూర్పున ఫలానా వారి చేను, పడమర పంటబోదె అని మూడింట్లోనూ ఒకటే ఉంటే అది ఒకే భూమి, ఒకే మనిషి.

ప్రశ్న: రైటరు గారికి నమస్కారం. మా అమ్మమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆవిడ జీవితం రాసి పిల్లలకు ఇద్దామని కూర్చున్నాను. ఒక్క తేదీ లేదు. అమ్మమ్మది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు, తాతయ్యది ద్రాక్షారామం పక్క ఊరు. పెళ్లి మాత్రం ఎవరి ఊళ్లోనూ కాకుండా యానాంలో చేశారట, వైశాఖంలో. అక్కడ మాకు చుట్టాలెవరూ లేరు. పెళ్లినాటికి ముందు పళ్లు రెండూ ఊడిపోయి ఉన్నాయనీ, పీటల మీద నవ్వొద్దని వాళ్లమ్మ మోచేత్తో పొడుస్తూనే ఉందనీ చెప్పి నవ్వేది. తర్వాత తాతయ్య రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లాడు. ద్రాక్షారంలో రైలెక్కి కాకినాడ వెళ్లి ఓడ ఎక్కించి వచ్చానని చెప్పేది. ఆయన రాసిన ఉత్తరాలు పోయాయి, ఒక ఖాళీ కవరు మిగిలింది. తపాలా ముద్ర చెరిగిపోయింది. స్టాంపు మీద గడ్డం రాజు బొమ్మ, దాని మీద బర్మా అని ఇంగ్లీషులో నల్ల అక్షరాలు ఉన్నాయి. ఆ రాజు ఐదో జార్జి అనీ, 1936లో పోయాడనీ మా అబ్బాయి చెప్పాడు. కాబట్టి కవరు అంతకు ముందుదేనా? కాకినాడలో బాంబులు పడ్డప్పుడు ఇంటి నిండా కాకినాడ చుట్టాలు దిగారనీ, తను వేవిళ్లతో వాంతులు చేసుకుంటూనే అందరికీ వండి పెట్టాననీ అనేది. ఆ కడుపున పుట్టింది మా అమ్మే, మొదటి కాన్పు. దసరా పది రోజులుందనగా పుట్టిందట. కానీ అమ్మ స్కూలు సర్టిఫికెట్లో 1–7–1940 అని ఉంది. మా పెద్దమ్మకి (అమ్మ పెదనాన్న కూతురు) కూడా అదే తేదీ! ఇక అమ్మమ్మ ఓటరు కార్డు 1995లో ఇచ్చింది, అందులో వయసు 60. తాతయ్య యుద్ధంలో రంగం నుంచి అడవుల వెంట నడిచి వచ్చాడని ఊరంతా చెప్పుకుంటారు. ఇందులో ఏది నమ్మాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
– మండపేట నుంచి ఒక పాఠకురాలు

అమ్మా, తేదీ ఒక్కటీ లేదంటూనే మీరు పేజీ నిండా తేదీలు రాసి పంపారు. మీ అమ్మమ్మ అంకెల్లో చెప్పలేదు, అంతే. మన పెద్దవాళ్లెవరూ అంకెల్లో చెప్పరు. మా వేపచెట్టు కిందికొచ్చిన ముసలాయన్ని వయసెంత తాతా అంటే, గోదారి పొంగినప్పుడు గేదెల్ని గట్టెక్కించానండి అనేవాడు. నేను ఆయన్ని మళ్లీ అడిగేవాణ్ణి: ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని తీపి పంచారా? అవునంటే అది 1953 ఆగస్టు వరద, అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. లేదు, అప్పటికి మా మనవడు కాలేజీలో ఉన్నాడంటే 1986 ఆగస్టుది. వరద అన్నమాట ఒకటే, మధ్యలో ముప్పై మూడేళ్లున్నాయి.

మీ ఉత్తరం చదువుతూ నేను చేసిన పని చెబుతాను. నోటుబుక్కులో పేజీ మధ్యన గీత గీశాను. ఎడమ పక్క అమ్మమ్మ అన్న మాట అన్నట్టుగా. కుడి పక్క, ఆ మాట నిజం కావాలంటే బయట లోకంలో ఏం జరిగి ఉండాలో అది. ఎడమ పక్క నేను ఒక్క అక్షరం దిద్దలేదు. కుడి పక్క మాత్రం నాలుగుసార్లు కొట్టేసి రాశాను.

ముందు యానాం. దీనికి చుట్టాలు అక్కర్లేదమ్మా, సరిహద్దు చాలు. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే శిక్ష అని శారదా చట్టం చేశారు. 1929 సెప్టెంబరులో పాసయింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. అదీ బ్రిటిషు ఇండియాలో. యానాం ఫ్రెంచివాళ్లది. గౌతమి ఇవతల ఎదుర్లంకలో చేస్తే నేరమైన పెళ్లి, పడవ దాటి అవతల యానాంలో చేస్తే నేరం కాదు. అందుకని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల్ని, పురోహితుణ్ణి, మేళాన్ని పడవెక్కించుకుని వెళ్లి అక్కడ పెళ్లి చేసుకొచ్చేవాళ్లు. యానాంకి కల్యాణపురం అని పేరు పడింది అందుకే. కాబట్టి అమ్మమ్మ పెళ్లి 1930 ఏప్రిల్ తర్వాతే అని పెట్టుకోవచ్చు. అంతకు ముందైతే ముమ్మిడివరం పక్కనే ఇంటి ముందు పందిరేసి చేసేవాళ్లు, అంత ఖర్చు, యాతన దేనికి? నిజానికి చట్టం అమల్లోకి రాకముందు ఆ ఆర్నెల్లూ దేశమంతా హడావిడిగా చిన్నపిల్లల పెళ్లిళ్లు చేసేశారు. ఆ గడువు తప్పిపోయినవాళ్లకు మన జిల్లాలో యానాం దొరికింది. ప్రమోదూత ఉగాది పచ్చడి తిన్న ఒకటి రెండు రోజుల్లోనే చట్టం అమలయింది కనుక, చట్టం తర్వాత వచ్చిన మొదటి వైశాఖం 1930 మే నెల. అంతకన్నా వెనక్కి వెళ్లక్కర్లేదు.

తర్వాత పళ్లు. ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగాను. మీ అమ్మమ్మ వయసు ఎన్నిసార్లు అడిగినా రాని జవాబు ఇక్కడుంది. పైపళ్లు రెండూ ఊడి, కొత్తవి ఇంకా రాని పిల్ల ఆరు దాటి ఎనిమిది లోపు ఉంటుంది. ఏడు అనుకుందాం. సంవత్సరం ఎవరైనా తప్పు చెబుతారు, రికార్డు కోసం అబద్ధమూ చెబుతారు. పీటల మీద నవ్వొద్దని తల్లి మోచేత్తో పొడిచిన సంగతిని ఎవరూ కల్పించరు, కల్పించి లాభమూ లేదు.

ఇక రైలు. ఇది చదివి నాకు లేచి కూర్చోబుద్ధయింది. కాకినాడ – కోటిపల్లి రైలు 1928లో వచ్చింది. 1940లో యుద్ధం పేరు చెప్పి పట్టాలు పీకేశారు. మళ్లీ రైలు నడిచింది 2004లో. అంటే అరవై నాలుగేళ్లపాటు ద్రాక్షారంలో రైలే లేదు. ద్రాక్షారంలో రైలెక్కానని ఒక ముసలావిడ అందంటే, ఆవిడ 1928కీ 1940కీ మధ్యన ఎక్కి తీరాలి. ఇంతకన్నా గట్టి రుజువు నేను రాసిన దస్తావేజుల్లో కూడా తక్కువే. కాకినాడలో ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా సముద్రంలో లంగరేస్తుంది. మనుషుల్ని నావల్లో తీసుకెళ్లి ఎక్కించాలి. కాబట్టి ఓడ ఎక్కించాను అంటే నావ కదిలేదాకా ఒడ్డున నిలబడ్డానని చదువుకోండి.

కవరు దగ్గరికి వద్దాం. మీ అబ్బాయి రాజును గుర్తు పట్టడంలో పొరపాటు పడలేదు. గడ్డం ఉంటే ఐదో జార్జి, నున్నగా ఉంటే ఆరో జార్జి. 1936 జనవరిలో ఐదో జార్జి పోయిన మాటా నిజమే. పొరపాటంతా స్టాంపు కూడా ఆయనతోపాటే పోయిందనుకోవడంలో ఉంది. స్టాంపు కాగితాలతో బతికినవాణ్ణి, పాత స్టాకు ఎంత కాలం నడుస్తుందో నాకు తెలుసు. బర్మాను ఇండియా నుంచి విడదీసింది 1937 ఏప్రిల్ 1న. ఆ రోజుకు కొత్త దేశానికి సొంత స్టాంపులు తయారు కాలేదు. ఇండియా స్టాంపుల మీదే, చనిపోయిన రాజు ముఖం మీదే, నల్ల సిరాతో బర్మా అని అచ్చు గుద్ది అమ్మారు. 1938 చివర్లో ఆరో జార్జి బొమ్మతో బర్మా సొంత స్టాంపులు వచ్చాయి. కాబట్టి మీ కవరు 1936కు ముందుది కానే కాదు. 1937 ఏప్రిల్‌కూ 1938 చివరికీ మధ్యది, పాత స్టాంపు ఇంట్లో మిగిలి ఉండి వాడాడనుకుంటే మహా అయితే 1939 మొదళ్లది. పగటి వెలుగులో, వీలైతే భూతద్దంతో చూడండి. బర్మా అన్న అక్షరాల కింద ఇండియా పోస్టేజి అన్న మాట కనపడాలి.

ఇప్పుడు లెక్క కట్టండి. కవరు నాటికి తాతయ్య రంగంలో ఉన్నాడు. దానికి ముందే అమ్మమ్మ ఆయన్ని సాగనంపింది, అంటే అప్పటికే కాపురానికి వచ్చింది. పదమూడేళ్లన్నా ఉండాలి. 1938కి పదమూడు అంటే ఎంత ఇటుగా చూసినా 1925లో పుట్టింది. ఏడేళ్లకు పెళ్లి అంటే 1932 దాటదు. 1930, 31, 32 వైశాఖాల్లో ఒకటి. పుట్టింది 1923, 24, 25ల్లో ఒకటి. అంతకన్నా దగ్గరికి రావాలంటే జాతకం చక్రం దొరకాలి. ఓటరు కార్డు సంగతి వదిలేయండి. దాని ప్రకారం 1935లో పుట్టినావిడ ఏడేళ్లకు మీ అమ్మను కన్నట్టు అవుతుంది.

మీ అమ్మగారి పుట్టినరోజు ఈ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద విషయం. కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6, ఈస్టరు మర్నాడు సోమవారం. అదే రోజు విశాఖపట్నం మీదా వేశారు. కాకినాడ జనం ముల్లెమూట కట్టుకుని లోపలి ఊళ్లకు పోయారు. మీ ఇంటికి చుట్టాలు దిగింది అప్పుడే. ఆ రోజుల్లో అమ్మమ్మ వేవిళ్లతో ఉంది, అంటే మూడో నెలో నాలుగో నెలో. కాన్పు దసరాకు పది రోజుల ముందు. 1942లో విజయదశమి అక్టోబరు మూడో వారంలో పడింది, కాన్పు రెండో వారం. వెనక్కి లెక్కపెట్టుకుంటే ఏప్రిల్ మొదట్లో మూడు నెలలు నిండి నాలుగో నెల వస్తూ ఉంటుంది. వేవిళ్లు ఉండాల్సిన సమయమే. వేర్వేరు రోజుల్లో వేర్వేరు సందర్భాల్లో అన్న రెండు మాటలు ఒకదానికొకటి ఇలా అతికాయంటే నేను సాక్షి సంతకం పెట్టేస్తాను.

సర్టిఫికెట్ ఏమయినట్టు మరి? మన జిల్లాల్లో సగం మంది జూలై 1న పుట్టారమ్మా. బళ్లో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు పిల్లను నిలబెట్టి చూసి, ఐదు నిండినట్టుందని తోచిన అంకె వేసేవారు. మీ పెద్దమ్మకూ అదే తేదీ అంటున్నారు. అక్కాచెల్లెళ్లిద్దరినీ ఒకే రోజు తీసుకెళ్లి బళ్లో కూర్చోబెట్టి ఉంటారు, ఇద్దరికీ కలిపి ఒకే తేదీ రాసేశారు. పింఛను కాగితాల్లో అదే ఉండనివ్వండి, ఇప్పుడు దాన్ని కదిపితే లేనిపోని టెన్షన్. మీ పుస్తకంలో మాత్రం 1942 అక్టోబరు అని రాయండి.

ఇక్కడే తాతయ్య నడక కథకు చిక్కొచ్చింది. కాస్త నిదానంగా చదవండి.

అక్టోబరు రెండో వారంలో కాన్పు అంటే తాతయ్య జనవరి మధ్యకల్లా ఇంట్లో ఉండాలి. ఇంచుమించు సంక్రాంతికి. రంగం మీద జపాను మొదటిసారి బాంబులు వేసింది 1941 డిసెంబరు 23న. ఇంకోసారి క్రిస్మస్ రోజున. జనం నడక మొదలుపెట్టింది అప్పుడే. ప్రోం మీదుగా, టాంగప్ కొండదారిలో అరకాను వైపు దిగి, పడవల్లో అక్యాబు, అక్కణ్ణుంచి చిట్టగాంగు, తర్వాత రైల్లో కలకత్తా, అక్కణ్ణుంచి సామర్లకోట. కలరాతో, ఆకలితో దారి పొడుగునా చనిపోయారు. ఇంకో దారి ఉత్తరాన టము మీదుగా ఇంఫాల్‌కు. మార్చి 8న రంగం జపాను చేతికి పోయింది, ఆ తర్వాత నడకే గతి. ఇదంతా డిసెంబరు 23న మొదలుపెట్టి సంక్రాంతికి ద్రాక్షారం పక్క ఊళ్లో గుమ్మడికాయ పులుసు తినడం మనిషికి సాధ్యమా? నాకు నమ్మకం కుదరడం లేదు. అదే ఓడలో అయితే కుదురుతుంది. ఫిబ్రవరి దాకా కూడా రంగం నుంచి ఓడలు జనాన్ని తెస్తూనే ఉన్నాయి. ఆయన బాంబులకు ముందో, పడ్డ వెంటనేనో ఓడ పట్టుకుని వచ్చాడని నా లెక్క.

అయితే ఊరంతా అబద్ధం చెప్పిందా? అలా అనను. నడిచి వచ్చినవాళ్లు మన గోదావరి పల్లెల్లో వీధికొకరు ఉండేవాళ్లు. బర్మావాళ్లు తెలుగువాళ్లను కోరంగీలనేవారు, మన కోరంగి రేవు పేరే అది. అంతమంది వెళ్లారు. ధాన్యం మిల్లుల్లో, రేవు పనుల్లో, రిక్షాల్లో పనిచేసి, వేసవి నాటికి ఎముకల గూళ్లై దిగినవాళ్లను ఊరు చూసింది. తర్వాత తర్వాత రంగం వెళ్లినవాళ్లందరినీ ఒకే దారిలో నడిపించేసింది. ఆ ఇంట్లో ఆయన అన్నో తమ్ముడో, ఓడలో కలిసి వెళ్లిన స్నేహితుడో నడిచి వచ్చి ఉండొచ్చు. మీ పెద్దమ్మగారు ఉన్నారు కదా. నడిచి వచ్చాడా అని అడగకండి, ఊ అంటారు. 1942 సంక్రాంతి అనీ అనకండి. కాకినాడలో బాంబులు పడ్డ ఏడాది, దానికి ముందొచ్చిన పండక్కి చిన్నాన్న ఇంట్లో ఉన్నాడని మీ అమ్మ ఎప్పుడన్నా అనేదా, కొత్తబట్టలు ఎవరు తెచ్చారనేది, అని అడగండి. బట్టల దగ్గర ఆడవాళ్లకు మరుపు ఉండదు. కంట్రోలు రోజులు ఇంకా రాలేదు కనుక ఆ ఏడాది బట్టలకు కరువు లేదు. ఏమో, రంగం నుంచి తెచ్చిన పట్టులుంగీ సంగతి బయటపడుతుందేమో.

ఊరి జనన మరణ రిజిస్టరు మునసబు, కరణం చేతుల్లో ఉండేది. 1984లో ఆ ఉద్యోగాలు తీసేసినప్పుడు చాలా ఊళ్లలో పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. తహసీల్దారు ఆఫీసులో అడిగి చూడండి, ఆశ మాత్రం కొద్దిగా పెట్టుకోండి. తాతయ్య వాళ్ల భూమి డైగ్లాటులో (ఏ నంబరు భూమి ఎవరిదో రాసిన పాత రిజిస్టరు) ఎవరి పేరున ఉందో చూడండి. జనాభా లెక్కల జోలికి వెళ్లకండి, అందులో ఊరి మొత్తాలే ఉంటాయి, ఇంటి పేర్లు దొరకవు.

ప్రశ్న: మా తాతగారు 1923 కాకినాడ కాంగ్రెసులో వాలంటీరుగా పనిచేశారని ఇంట్లో చెప్పుకుంటాం. ఆయన స్వాతంత్ర్య సమరయోధుడే కానీ 1972లో తామ్రపత్రం ఇవ్వలేదు. రుజువు ఎలా సంపాదించాలి?
– పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు

మీకు జవాబు చెప్పే ముందు నా సంగతి చెప్పుకోవాలి. మా తాతయ్య కూడా అదే కాకినాడ కాంగ్రెసులో వాలంటీరు. మౌలానా మహమ్మదాలీ అధ్యక్షుడు, పద్నాలుగేళ్ల దుర్గాబాయి టిక్కెట్టు లేదని నెహ్రూనే ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేసింది, ఆ గుమ్మానికి రెండో పక్కన మా తాతయ్య నిలబడి ఉన్నాడు. ఇలా ఒక ఆగస్టు 15న మా మనవడి బళ్లో మైకు పట్టుకుని చెప్పేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. గుమ్మం రెండో పక్క సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, మైకు ముందు నిలబడ్డాక దానంతట అదే వచ్చింది.

రెండేళ్ల తర్వాత ఇల్లు రిపేరుకు అటక ఖాళీ చేస్తుంటే భోషాణంలో తాతయ్య జమాఖర్చు పుస్తకం దొరికింది. పొడుగాటి పుస్తకం, ఎర్రగుడ్డ అట్ట, సగం పేజీలు పురుగు తినేసింది. రుధిరోద్గారి మార్గశిర బహుళంలో కాకినాడ కాంగ్రెసు వంటశాలకు అరటాకుల కట్టలు, పడవ బాడుగ, ముట్టిన సొమ్ము, ఇంకా రావలసింది అని వరసగా రాసుకున్నాడు. రుధిరోద్గారి అంటే 1923 ఉగాది నుంచి 1924 ఉగాది దాకా. (అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది, 1863 కూడా రుధిరోద్గారే, 1983 కూడా. జనవరి నుంచి ఉగాది దాకా పాత పేరే నడుస్తుందని మరిచిపోకండి, చాలామంది అక్కడే ఏడాది తప్పుతారు.) కాంగ్రెసు జరిగింది డిసెంబరు 28 నుంచి జనవరి 1 దాకా. తేదీలు సరిగ్గా సరిపోయాయి. మా తాతయ్య కాకినాడ వెళ్లాడు, కాంగ్రెసు చూశాడు. ఆకులు అమ్ముకోవడానికి వెళ్లాడు. రావలసింది వచ్చిందో లేదో ఆ పేజీ పురుగు తినేసింది.

ఆ రాత్రి అన్నం సయించలేదని దాచడం దేనికి. నాలుగు రోజులు పోయాక మాత్రం ఆ పుస్తకమే ముద్దుగా అనిపించింది. డిసెంబరు చలిలో, పంట కాలవల్లో, తెల్లవారుజామున ఆకుల కట్టలు వాడిపోకుండా తడిగుడ్డ కప్పుకుంటూ పడవ నడిపించుకెళ్లిన మనిషి నాకు కనపడుతున్నాడు. గుమ్మం పక్క నిలబడ్డ వాలంటీరు ఎప్పుడూ కనపడలేదు.

మీ తాతగారు నిజంగానే వాలంటీరు కావచ్చు. కానీ ఐదు రోజుల సభలో వాలంటీరుగా చేయడం ఒకటి, జైలుకు వెళ్లడం ఒకటి. తామ్రపత్రం, పింఛను దగ్గర జైలు రికార్డు మాట వస్తుంది. 1930 ఉప్పు సత్యాగ్రహంలోనో 1942లోనో శిక్ష పడిందేమో ఇంట్లో కనుక్కోండి. ఏ జైలు, ఎన్ని నెలలు, ఎవరు చూడ్డానికి వెళ్లారు అని. రాజమండ్రి జైలుకు చూడ్డానికి వెళ్లినవాళ్లకు మొదటిసారి ఎక్కిన రైలు, పుష్కర రేవు దగ్గర స్నానం గుర్తుంటాయి. అవేవీ లేకపోతే, ఆ ఐదు రోజులూ ఆయన ఏం పని చేశాడో అదే రాయండి.

ప్రశ్న: మా తాతల కాగితాలన్నీ దొరికాయి. మా మామ్మ (నాన్నమ్మ) పేరు ఒక్క కాగితంలోనూ లేదు. ఆవిడ అసలు బతికిందనడానికి ఆధారం ఎక్కడ వెతకాలి?
– అంబాజీపేట నుంచి

మీరు వెతుకుతున్నది తాతయ్య బతికున్నప్పటి కాగితాలు. ఆయన పోయాక వాటిని చూడండి. మన దేశంలో ఆడవాళ్లు ఎక్కువగా మొగుడు పోయాకే కాగితాల్లోకి వస్తారు. మైనరు పిల్లల తరఫున గార్డియను తల్లి అని ఒక తనఖాలో, పసుపుకుంకాల కింద ఇచ్చిన పాతిక సెంట్లు అమ్మిన విక్రయంలో, కూతురికి రాసిన దానపట్టాలో దొరుకుతారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే ఇండెక్సు పుస్తకాల్లో చేత్తో వెతికించాలి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఊరు, భూమి వారీగా ఉంటుంది. మామ్మ ఇంటిపేరు రెండు రకాలుగానూ అడగండి, పుట్టింటిదీ మెట్టినింటిదీ. భూమి దస్తావేజులు రాసిన ఒకటో నంబరు పుస్తకం ఫీజు కట్టిన ఎవరికైనా చూపించాలి, అది చట్టంలోనే ఉంది. వీలునామాల పుస్తకం అలా చూపించరు.

దస్తావేజు నంబరు దొరికితే అక్కడితో ఆగకండి. అదే తేదీన వేలిముద్రల రిజిస్టరు ఉంటుంది. రాసిచ్చినవాళ్ల బొటనవేలి ముద్ర, పక్కన పేరు, నంబరు. మీది అంబాజీపేట కనుక ఒక మాట చెబుతాను. మా ఆఫీసుకు పీచు పనిచేసే ఆడవాళ్లు వచ్చేవారు. పొద్దస్తమానం కొబ్బరి తాడు పేని పేని, బొటనవేలి గీతలు అరిగిపోయి గులకరాయిలా నున్నగా ఉండేది. సిరా రాసి అద్దితే నల్లటి మచ్చ తప్ప గీతలు పడేవి కావు. గుమాస్తా విసుక్కుని, తుడిచి మళ్లీ వేయించేవాడు. మూడోసారికి ఆవిడే, నా వేలు ఇంతేనండి బాబూ, అనేది. రిజిస్టరులో అలాంటి పేర్ల ఎదురుగా ఒకదాని పక్కన ఒకటి రెండు మూడు నల్ల మచ్చలు ఉంటాయి. ఆ పేజీ చూడనిస్తారా లేదా అన్నది ఆ పూట కుర్చీలో ఉన్న ఆఫీసరును బట్టి ఉంటుంది. పదకొండు దాటాక, మూడు లోపు వెళ్లండి, అప్పుడు రద్దీ తక్కువ.